కొప్పుకు చెప్పిన ప్రేమ

"ఒకరి మొహం ఒకరు చూసుకోండి సార్!" పత్రిక ఫొటోగ్రాఫర్ మూడోసారి మొత్తుకున్నాడు.

అలనాటి హీరో తన ఎడమ బుగ్గే కెమెరాకు పెట్టాడు. అలనాటి హీరోయినూ అంతే. కుడి బుగ్గ చూపడమంటే ఇద్దరికీ నామోషీ. అందుకే కలిసి నటించిన పద్నాలుగు సినిమాల్లోనూ ఆయన ఆమె వెనకే నిలబడి, ప్రేమంతా కొప్పుకే చెప్పుకున్నాడు.

"ఆవిణ్ణే తిరగమనవయ్యా," అని భీష్మించాడు.

"ఈ వయసులో ఇంకా పంతాలేమిటండీ?" అంటూ ఆమె చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"అద్భుతం! ఇప్పుడో పాత ప్రేమ డైలాగు చెప్పండి సార్."

ఏనాడూ మాట తడబడని ఆయన, ఎదురుగా ఆ మొహం చూసి నీళ్లు నమిలాడు.

"కొప్పుకు చెప్పుకోండి, అదే గుర్తొస్తుంది," అని నవ్వి ఆమె మళ్లీ అటు తిరిగింది.

ఆయన గబగబా చుట్టూ తిరిగొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. తన కుడి బుగ్గ కెమెరాకు పడుతోందని ఆయనకు తోచనేలేదు.