ముందు బెంచీ

"లోపల కూకోని తినేవాళ్ళకే ఇక్కడ మాంసం. దొడ్డివాకిట్లో బేరం లేదు."

కృపామణి ఈ మాట చానామందితో అంది. అమెరికా మనిషితో కూడా అనాల్సి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

సాగర్ కుడికాలువ తవ్వుతున్న రోజులవి. మాచర్ల రోడ్డు పక్కన ఆమెది తాటాకుల కొట్టు. తుమ్మబొగ్గుల మీద ఊచలకు గుచ్చి కాల్చే మేకమాంసం వాసనకు పోయే లారీ ఆగాల్సిందే.

చిన్నప్పుడు ఊళ్ళో కాఫీ హోటల్లో ఊరి బయట ఉండే ఆమె పల్లెవాళ్ళకు గ్లాసులు వేరుగా చూరులో దోపి ఉండేవి. బయటే నిలబడి తాగాలి. ఎవరి గ్లాసు వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. తల్లి చెయ్యి పట్టుకుని ఆ చూరు కింద నిలబడటం కృపామణికి ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఇప్పుడు అదే ఊరి పెద్దరైతులకు ఆమె కాల్చిన మాంసం కావాలి. ఆమె బెంచీ మాత్రం అక్కర్లేదు. ఎవరూ చూడకుండా దొడ్డిదారిన వచ్చి ఆకులో కట్టించుకుపోదామని వాళ్ళ ఎత్తు.

అందుకే ఆ రూలు. బేరం పోతే పోయింది, రూలు మాత్రం పోనివ్వదు.

అమెరికా మనిషి పేరు సామ్యూల్. కాలువ తవ్వే పెద్ద యంత్రం నడపడం నేర్పడానికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా ఉన్న అతన్ని చూసి మద్రాసు మనిషనుకుంది. జీపు డ్రైవరు షౌకత్ అమెరికా అని ఒట్టేసి చెప్పాక గానీ నమ్మలేదు.

అంత దూరం నుంచి వచ్చినవాడు కూడా దొడ్డివాకిట్లోనే నిలబడ్డాడు. టోపీ తీసి, నవ్వుతూ మాంసం వంక చూశాడు.

షౌకత్ మిలిటరీలో లారీ తోలుతూ ఇంగ్లీషు నేర్చినవాడు. కృపామణి మాట ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాక, మాంసం అయిపోయిందని చెప్పి అతన్ని తీసుకుపోయాడు.

మర్నాడు సామ్యూల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి తిండి అడగలేదు. నిప్పు ముట్టుకోవచ్చా అని అడిగించాడు.

నిప్పు అడిగితే కాదనడం ఆమె వల్ల కాలేదు.

అతను గొంతుక్కూర్చుని బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టాడు. రెండో పక్క పక్కటెముకల మాంసం పెట్టి పైన రేకు మూశాడు. ఇక వేడీ పొగా చూసుకుంటాయన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

"ఇదేం కాల్చడం? నిప్పుకీ కూరకీ తగువొచ్చిందా?" అంది కృపామణి.

పొద్దువాలేదాకా రేకు ఎత్తనివ్వలేదు. ఎత్తాక చూస్తే ఎముక పట్టుకోగానే మాంసం జారి వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని కృపామణి ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.

ఆ పైన రోజూ వచ్చేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని వాళ్ళ దేశం కబుర్లు చెప్పేవాడు. ఒక సీమలో మాంసానికి పుల్లటి నీళ్ళూ మిరపకారమూ పట్టిస్తారట. ఇంకో సీమలో టమాటా, బెల్లంపాకం. తన ఊళ్ళో మాత్రం ఉప్పు, మిరియం, పొగ. పనుల మీద తిరిగిన దారి పొడుగునా అన్నీ తిన్నవాణ్ణి, కళ్ళు మూసుకుని ఏది ఏ ఊరిదో చెప్పగలనన్నాడు. కాల్చే పని మాత్రం తన తండ్రి దగ్గర నేర్చాడట.

కృపామణి తన అల్లం, పచ్చిమిరపకాయల ముద్ద పట్టించి అతని పద్ధతిలో కాల్చింది. గురజాల నుంచి బండ్లు కట్టుకొచ్చారు జనం. రైతులు కూడా గొణుక్కుంటూనే లోపలికొచ్చి బెంచీల మీద కూర్చున్నారు. ఆ రోజు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

సంబరంగా ముందు బెంచీ తుడిచి సామ్యూల్‌కు ఆకు వేసింది.

అతను ఆ ఆకు చేతిలోకి తీసుకుని మెల్లగా దొడ్డివైపు నడిచాడు. అక్కడే నిలబడి తిన్నాడు.

కృపామణి బెంచీ తుడిచిన గుడ్డ విసిరికొట్టింది. ఊరివాళ్ళు కూర్చున్న బెంచీ మీద ఇతను కూర్చోడా? మర్నాడు షౌకత్‌ను పట్టుకుంది.

"ముందు వాకిట్లోంచి వచ్చి బెంచీ మీద కూకుంటే రమ్మను. లేదంటే అసలు రావొద్దను. ఈసారి నా మాటలో ఒక్క ముక్క మింగావంటే నీక్కూడా మాంసం లేదు."

షౌకత్ చెప్పాడు. సామ్యూల్ మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ విన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తరవాత రాలేదు.

ఆదివారం ఆమె ఏసు గుడికి వెళ్ళొచ్చేసరికి భర్త యల్లమంద చెప్పాడు. సామ్యూల్ వచ్చాడట. తెల్లచొక్కా వేసుకుని, ముందు వాకిట్లోంచి వచ్చి, ముందు బెంచీ మీద కూర్చుని తిన్నాడట. తిన్నాక కూడా ఆ బెంచీ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడట.

"ఇప్పటికొచ్చిందా బుద్ధి?" అంది కృపామణి. కానీ మర్నాటి నుంచి రోజూ మంచి పక్కటెముకలు ఏరి అతని కోసం విడిగా పెట్టింది.

నాలుగో నాడు అతని బదులు షౌకత్ ఒక్కడే వచ్చాడు. పని అయిపోయిందనీ, మద్రాసులో ఓడెక్కించి వస్తున్నాననీ చెప్పాడు.

"ఒక్క మాటన్నా చెప్పి పోలేదే. ఇన్నాళ్ళూ నా బెంచీ అంత చేదయిందేంది అతనికి?"

షౌకత్ తల వంచుకున్నాడు.

"చేదు కాదక్కా. వాళ్ళ ఊరి హోటల్లో మాంసం కాల్చేది వాళ్ళ నాయనే. కానీ నల్లోళ్ళు ముందు వాకిట్లోంచి పోగూడదంట. దారి పొడుగునా తిన్నానన్నాడే, అదంతా దొడ్లో నిలబడి తిన్నదే. తను బెంచీ మీద కూకుంటే నీ బేరం పోద్దని భయపడ్డాడంట."

కృపామణి రేకు ఎత్తబోయి షౌకత్ వంక తిరిగింది.

"ముందు వాకిట్లోంచి రాకపోతే అసలు రావొద్దన్న కొట్టు ఈ భూమ్మీద ఒకటుందని వాళ్ళ నాయనకు చెప్పాలని, ఓడ ఎక్కేదాకా అంటానే ఉన్నాడక్కా."