రేపటి మచ్బూస్

"ఏమబ్బా, కాలేజీలో సీటొచ్చింది నాకు!" ఫోన్ పట్టుకుని వంటింట్లోనే గంతేసింది సుధారాణి. సాయంత్రం పూట కంప్యూటర్ నెట్‌వర్కింగ్ క్లాసులు.

ఆ అరబ్బుల ఇంట్లో ఆమె వంటమనిషి, కొత్తగా పెళ్లయిన మొగుడు ఆంజి డ్రైవరు. అతను కారు తాళాలు తిప్పుతూ విన్నాడు.

సంగతి విన్న యజమానురాలు గుమ్మంలో నిలబడింది. "మరి రాత్రికి వంటెవరు చేస్తారు?"

సుధారాణి ఆంజి వైపు తిరిగింది. చదువొద్దని ఇప్పుడు ఆంజి కూడా అంటాడనుకుంది.

"నేను చేస్తా మామా," అన్నాడు ఆంజి యజమానురాలితో, వచ్చిన కాస్త అరబ్బీలో; మామా అంటే అక్కడ అమ్మగారు. టీ కాచడమైనా తెలియని మనిషి!

మామా ఎగాదిగా చూసింది. "రేపు మధ్యాహ్నం మాంసంతో మచ్బూస్ అన్నం వండు. నచ్చితేనే క్లాసు. ఖలాస్, ఇంక మాట లేదు."

ఆమె వెళ్లగానే సుధారాణి ఆంజి చెయ్యి పట్టుకుంది. "బియ్యం మాడితే నా సీటు పోతాదబ్బా!"

"తెల్లారకముందే లేపుమే. పక్కనే నిలబడి చెప్పు, చెయ్యి మాత్రం పెట్టొద్దు. నీ చేతి రుచి మామాకు తెలుసు."