పోజుబట్టల్లో పోట్లాట

ఈ రోజుల్లో పెళ్లికి ముందు ఫొటోలకి ఎలా నిలబడాలో ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. పోజుబట్టలు తొడుక్కుంటే చాలు. చేతులెత్తించడం, నడుం వంచడం అవే చూసుకుంటాయి. సిగ్గుపడాల్సిన చోట తల కూడా అవే దించుతాయి. ఫొటో అయ్యేదాకా మాత్రం కదలనివ్వవు.

భీమిలి సముద్రం ఒడ్డున ఉదయినినీ, ఆమెకి కాబోయే మొగుడు పార్థునీ ఆ బట్టలు నుదురుకి నుదురు ఆనించి బిగించేశాయి. ఫొటోగ్రాఫర్ గవర్రాజు కెమెరా సర్దుకుంటుండగా పార్థు నోరు జారాడు.

"పెళ్లిలో బిందెలోంచి ఉంగరం తీసే ఆట ఉంటుంది కదా! నేనే గెలవాలని అయస్కాంతం గ్లోవ్ కొన్నాను."

"దొంగాట ఆడేవాడితో కాపురమా? ఈ పెళ్లి నాకొద్దు!" ఉదయిని అతని ముక్కు మీదే అరిచింది. "అయినా బంగారానికి అయస్కాంతం అంటుకోదు. ఆ మాత్రం తెలీదా?"

"తెలీదు," అన్నాడు పార్థు బిక్కమొహంతో.

"దూరం జరుగు!"

"ఎలా జరగను? బట్టలు వదలందే!"

నుదుళ్లు ఆనించుకునే అరుచుకున్నారు. చేపల బుట్టలతో వెళ్తున్నవాళ్లు ఆగి మరీ చూశారు. ఎండ వాలిపోయింది. చార్జర్ తెస్తానని కారు దగ్గరికి వెళ్లిన గవర్రాజు దాన్ని పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకా అలాగే ఉండిపోనారేటండీ? బట్టల్లో చార్జింగు ఎప్పుడో అయిపోనాది. పట్టు వదిలేసి చానాసేపయింది కదా!"

ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

"ముందు ఫొటో తియ్యండి," అంది ఉదయిని. "ఇతని సంగతి పెళ్లయ్యాక చూస్తాను."