నీలి గసగసాల మొక్క

“ఖష్‌ఖాష్?” అని అడిగాడు పోలీసు అధికారి, కుండీని వేలితో చూపిస్తూ.

అమర్నాథ్ ఉత్సాహంగా తలూపబోయాడు. పక్కనే ఉన్న కంపెనీ డ్రైవర్ జిలానీ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఊ అనద్దు సార్! ఖష్‌ఖాష్ అంటే గసగసాల మొక్క. మీరు ఇంట్లో మత్తుమందు పెంచుతాండారని ఎవరో చెప్పినారంట. ఈ దేశంలో దానికి తల తీసేస్తారు.”

“తప్పు చేస్తే కదా భయం! ఇది హిమాలయాల్లో పెరిగే నీలి పాపీ. గసగసాల కుటుంబమే గానీ మత్తుండదు. ఆకాశం రంగు పువ్వు పూస్తుంది. చెప్పు ఆయనకి.”

జిలానీ అరబీలో చెప్పాడు. ‘కుటుంబం’ అన్న మాట మాత్రం వదిలేశాడు.

అధికారి గదంతా కలయజూశాడు. 2006 వేసవి. బయట జెద్దా పెనంలా కాలుతోంది. ఈ పడకగదిలో మాత్రం రెండు ఏసీలు ఆగకుండా తిరుగుతున్నాయి. కుండీల చుట్టూ ఐసు ముక్కల ట్రేలు, పైన వరసగా ట్యూబ్‌లైట్లు. మంచం ఏనాడో హాల్లోకి చేరింది. మామూలు మొక్కకి ఇంత మర్యాద ఎవరు చేస్తారు? అధికారి గోడ మీదున్న నీలిపువ్వు బొమ్మనీ, కుండీనీ మార్చి మార్చి చూసి ఏదో అడిగాడు.

“ఆ బొమ్మకీ ఈ ఆకుకీ పోలికే లేదేమని అంటాండాడు సార్.”

“జెద్దా నీళ్ళకి ఆకు కాస్త వెడల్పయిందని చెప్పు.”

అధికారి నమ్మలేదు. బేడీల కోసం వెనకనున్న పోలీసు వైపు చెయ్యి చాపాడు.

ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుప్రజ అంది, “ఏవండీ, ఏదో ఆకుకూరని చెప్పేయండి.”

“ఆకుకూరా? సిక్కిం నుంచి విత్తనాలు తెప్పించి, పసిపిల్లల్లా సాకి, ఒక్కో మొలకనీ విడదీసి నాటుకున్నాను. ప్రాణం పోయినా వీటిని ఆకుకూర అనను!”

అతని కుడి మణికట్టుకి బేడీ పడింది.

సుప్రజ విసవిసా గదిలోకొచ్చి, దగ్గరున్న మొక్క నుంచి ఒక ఆకు చించి, సగం నోట్లో వేసుకుని నమిలేసింది.

“సుప్రజా! అదెంత అరుదైన మొక్కో తెలుసా!” బేడీకి అరవనివాడు ఆకుకి అరిచాడు.

ఆమె అతనివైపు చూడకుండా మిగిలిన సగం అధికారి ముందుకు చాపింది. అధికారి అనుమానంగా వాసన చూశాడు. నాలిక చివర పెట్టుకున్నాడు. తర్వాత తీరిగ్గా నమిలాడు. మీసం కింద నవ్వు విచ్చుకుంది.

“ఖర్దల్!”

“ఆవాల మొక్కంట సార్!” జిలానీ గోడకి ఆనుకున్నాడు. “బతికిపోయినాం.”

“ఆవాలా? కాదు! ఇంకోసారి సరిగ్గా చూడమను. ముమ్మాటికీ ఇది పాపీయే!”

జిలానీ ఆ మాట అరబీలోకి మార్చలేదు.

బేడీ విప్పి, నవ్వుకుంటూ పోలీసులు వెళ్ళిపోయారు. వాళ్ళను సాగనంపడానికి జిలానీ కిందికి దిగాడు. అమర్నాథ్ కుండీల మధ్య కూలబడ్డాడు. ఉన్నట్టుండి లేచి ఫోన్ కార్డు వెతికి, గీకడం మొదలుపెట్టాడు.

“ఎవరికండీ?”

“ఆ సిక్కిం వ్యాపారికి. నమ్మించి ఆవాలు అంటగడతాడా? వాణ్ని ఇవాళ కడిగి పారేస్తాను.”

సుప్రజ మెల్లగా ఆ కార్డు లాక్కుంది.

“పాపం, ఆయన్నేమీ అనకండి. ఆయన పంపిన గింజలు ఒక్కటీ మొలవలేదు. ఖాళీ కుండీల ముందు కూర్చుని మీరు అన్నం మానేస్తుంటే చూడలేక, ఆ ఆవాలు చల్లింది నేను.”