పడవ మీద పంచవర్ష ప్రణాళిక

దిండి రేవులో హౌస్‌బోట్ ఎక్కగానే కన్సల్టెంటు సెల్‌ఫోన్లు అడిగాడు.

"అందరివీనాండీ?" అన్నారు బంగారరాజు.

"ఆయ్. ఎం.డి.గారిది ముందండి."

ఫోన్లు పెట్టెలోకి వెళ్ళాయి. పెట్టెకు తాళం పడింది. తాళంచెవి కన్సల్టెంటు జేబులోకి వెళ్ళింది.

బంగారరాజుకు రాజోలు దగ్గర రొయ్యల ప్లాంటు ఉంది. రొయ్యల్ని వొలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపుతారు. మూడొందల మంది ఆడవాళ్ళు అక్కడ పనిచేస్తారు. విదేశీ తనిఖీ బృందం నిరుడు వచ్చి చూసి, అనుమతి ఇవ్వకుండా వెళ్ళిపోయింది. ఈసారీ ఇవ్వకపోతే ప్లాంటు మూతే.

బృందం సోమవారం వస్తోందని మేనేజరు సత్యశ్రీ చెప్పింది. ఈలోగా గురు, శుక్రవారాల్లో కంపెనీ పెద్దలు ఎక్కడికైనా వెళ్ళి, రాబోయే ఐదేళ్ళ గురించి ఆలోచించుకుంటే బాగుంటుందనీ చెప్పింది.

"పెద్ద పెద్ద కంపెనీల ఎం.డి.లందరూ ఇప్పుడిలాగే చేస్తున్నారండి."

ఆ మాట సరిపోయింది. కన్సల్టెంటును కూడా ఆమే కుదిర్చింది. పేరు ఎన్.డి. ప్రసాద్. ఊరు హైదరాబాద్.

"మరి నువ్వు రావా అమ్మాయ్?"

"ఎవరో ఒకరు ఐసు చూసుకోవాలి కదండీ."

కంపెనీ పెద్దలంటే ఇద్దరు. బంగారరాజు, ఆయన బావమరిది తాతాజీ. తాతాజీ డైరెక్టరు. దేనికి డైరెక్టరో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ప్రసాద్ టై కట్టుకున్నాడు. నల్లబోర్డు, సుద్దముక్కలు వెంట తెచ్చుకున్నాడు.

"కంప్యూటర్ మీద బొమ్మలు చూపిస్తారన్నారు కదండీ?" అన్నారు బంగారరాజు.

"అది పాతదైపోయిందండి. అమెరికాలో మళ్ళీ బోర్డుకొచ్చేసేరు."

బంగారరాజు తలూపారు. ప్రసాద్ బోర్డు మీద 'నాయకుడి ప్రాధాన్యాలు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

"కంపెనీకి బలం ఏంటి? చెయ్యెత్తి చెప్పాలి."

బంగారరాజు చెయ్యెత్తారు. "నేనండి."

"బలహీనత?"

"మా స్టాఫండి."

తాతాజీ కునుకు తీస్తున్నారు. సుద్దముక్క వచ్చి ఆయన భుజానికి తగిలింది. తాతాజీ లేచి నిలబడ్డారు. హైదరాబాద్ పద్ధతి ఇలా ఉంటుంది కాబోలని బంగారరాజు అనుకున్నారు.

"స్టాఫ్ సంగతి కాస్త వివరంగా చెప్పండి," అన్నాడు ప్రసాద్.

బంగారరాజు చుట్ట వెలిగించారు.

"నిరుడు తనిఖీకి నేనే దగ్గరుండి తిప్పేనండి. తలకి టోపీ పెట్టుకోమన్నారు, కాళ్ళకి గొట్టాం బూట్లు తొడుక్కోమన్నారు. నా ప్లాంటులో నాకు టోపీ ఏంటండి? చెప్పుల్తోనే వెళ్ళేను. ఐసు తొట్టిలో చెయ్యి పెట్టి, ఇంత రొయ్య తీసి దొరగారి చేతిలో పెట్టేను. అంత మర్యాద చేస్తే ఫెయిల్ చేసేరు!"

"చుట్ట కూడా ఉందాండీ అప్పుడు?"

"చుట్ట లేకపోతే నాకు మాట రాదండి. తప్పంతా స్టాఫ్‌ది. ఒకడు ఎదురుగా నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు. చేతులు మురికిగా ఉన్నాయని వాళ్ళకి తెలిసిపోదూ? ఆ రోజే తీసేసేను."

ప్రసాద్ కాసేపు బోర్డు తుడిచాడు.

మధ్యాహ్నం చందువా చేప వేపుడుతో భోజనాలయ్యాయి. బంగారరాజు చెప్పులు వేసుకున్నారు.

"ఓసారి ప్లాంటుకెళ్ళి వచ్చేస్తానండి. ఎంతసేపు, అరగంట."

"కూర్చోండి."

బంగారరాజు కూర్చున్నారు. ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు చాలా ఏళ్ళుగా లేరు.

"మీరు లేకపోతే ఆగిపోయేదాన్ని కొట్టంటారండి. మీరు లేకపోయినా నడిచేదాన్ని కంపెనీ అంటారు. మీది కొట్టా, కంపెనీయా?"

"కంపెనీయేనండి."

"అయితే ఆ మాట పదిసార్లు రాయండి. మనసుకి పడుతుంది."

బంగారరాజు రాశారు. తాతాజీ బావగారి కాగితంలో చూసి రాశారు.

శుక్రవారం పొద్దున్నే పడవను నది మధ్యకు తీసుకెళ్ళమన్నాడు ప్రసాద్. ఒడ్డు దగ్గరుంటే ఏకాగ్రత కుదరదన్నాడు. బంగారరాజు మాత్రం రెయిలింగ్ పట్టుకుని రాజోలు వైపే చూస్తున్నారు.

"అక్కడ ఏం చేస్తున్నారో ఏంటో బావా," అన్నారు తాతాజీ.

"ఏం చేస్తారు? నేను లేను కదా, చేతులు కడుక్కుంటూ కూర్చుంటారు."

సాయంత్రానికి ప్రణాళిక తయారైంది. మొదటి ప్రాధాన్యం క్రమశిక్షణ. రెండోది క్రమశిక్షణ అమలు. మూడోది ప్లాంటు గేటు దగ్గర ఎం.డి.గారి నిలువెత్తు ఫొటో. మిగతావి వచ్చే శిబిరంలో ఆలోచించాలని తీర్మానించారు.

"సోమవారం తనిఖీకి కూడా నేనే దగ్గరుంటానండి," అన్నారు బంగారరాజు. "నాయకుడనేవాడు ముందుండాలి. ఈసారి రెండు రొయ్యలు తీసి చూపిస్తాను."

ప్రసాద్‌కు దగ్గు వచ్చింది.

"రెండు రోజుల్లో మా కంపెనీ తలరాత మార్చేసేరండి. మీలాంటివాళ్ళు ఇక్కడెక్కడ దొరుకుతారు!" అంటూ బంగారరాజు ప్రసాద్ రెండు చేతులూ పట్టుకున్నారు.

"అంతా మీ సహకారమండి," అని ప్రసాద్ చేతులు విడిపించుకుని పడవ వెనక్కు వెళ్ళాడు. టై వదులు చేసుకున్నాడు. ప్యాంటు జేబులోంచి తన ఫోన్ తీసి సత్యశ్రీకి చేశాడు. అవతలి నుంచి ఆమె చెప్పింది విన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"తనిఖీవాళ్ళు ఇవాళే పాస్ చేసేసి వెళ్ళిపోయేరంటే ఇంక ఈయన్ని ఒడ్డున దింపేస్తాను వదినా, రేపు పొద్దున్న నాకు మన స్కూల్లో తొమ్మిదో తరగతి ఫస్ట్ పీరియడుంది."