మడుగు ఒడ్డున ప్రమాణం

నీళ్ళలో ప్రాణినీ నేల మీద ప్రాణినీ ఆ పరంధాముడు ఒకే ప్రేమతో చేశాడు నాయనలారా. కాస్త దగ్గరికి జరిగి వినండి.

అడవిలో ఒక మడుగు ఒడ్డున పిల్లజంతువుల సంఘం ఉండేది. అందులో ఎవరైనా చేరొచ్చు. కాకపోతే వరసలో నిలబడి ప్రమాణం చెప్పాలి. అది పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు.

ఒకనాడు చేపపిల్ల నీళ్ళలోంచి తలెత్తి, "అన్నా, నేనూ చేరతా. ఇక్కణ్ణుంచే చెప్పనా?" అంది.

"అందరికీ ఒకటే పద్ధతి తల్లీ! ఒడ్డుకి రావలసిందే," అన్నాడు నాయకుడు దుప్పిపిల్ల.

పాపం, సంబరంగా ఎగిరి ఒడ్డున పడింది.

"ఏ ప్రాణి ఆపదలో ఉన్నా పరుగున వెళ్తాం..." అని అందరూ గొంతు కలిపారు. చేపపిల్ల గిలగిలా కొట్టుకుంటోంది.

"అన్నా, దానికి ఊపిరాడట్లేదు!" అంది కప్పపిల్ల.

"ష్! కదలకు. ఇంకా రెండు మాటలే."

ఆ రెండు మాటలూ తప్పు లేకుండా చెప్పారు. అప్పుడు పరుగెత్తి చేపపిల్లని నీళ్ళలోకి తోశారు. అది ఇక ఈదలేదు. పక్కకి ఒరిగి, రెల్లు చాటున తేలింది.

అంతలో తల్లిచేప ఆత్రంగా ఈదుకుంటూ వచ్చింది. బిడ్డని ఇంకా చూడలేదు.

"మా అమ్మాయిని చేర్చుకున్నారా బాబూ?" అని అడిగింది.

ఏం చెబుతాడమ్మా ఆ దుప్పిపిల్ల?