జేబులో చాక్లెట్లు

ముందు పంచదార డబ్బా అటకెక్కాలి. తేనె సీసా బీరువాలో దుప్పట్ల వెనక్కి పోవాలి. జామ్ పక్కింటివాళ్ళకి ఇచ్చెయ్యాలి. మందుల షాపులో తీపి బిళ్ళలు కొనాలి, ఇకనుంచి ఆయన టీలోకి అవే. పొద్దున్నే సూది వేసుకున్నారో లేదో చూడాలి. బడి ఎదురుగా ఉన్న టీకొట్టువాడి చెవిన ఒక మాట వెయ్యాలి. ఇవన్నీ అయ్యాక చొక్కా జేబులు వెతకాలి.

బడి బస్సు నడిపే డ్రైవరుకి షుగరు బాగా ముదిరిందని డాక్టరు తేల్చిన మర్నాడే, అతని భార్య ఈ పనులన్నీ నడుం బిగించి పూర్తిచేసింది. చివరిదాని దగ్గరే చిక్కొచ్చిపడింది. చొక్కా జేబులో గుప్పెడు చాక్లెట్లు! రంగు కాగితానికి రెండు వైపులా మెలి తిప్పి ఉండే, పిల్లలు తినే రకం.

“ఏమిటివి?”

అతను బూట్ల లేసు కట్టుకుంటూ తలెత్తలేదు. “చాక్లెట్లు.”

“చాక్లెట్లని నాకూ తెలుసు. మీ జేబులో వాటికేం పనీ అని!”

“అది కాదే, అసలు సంగతేంటంటే...”

“నాకేం చెప్పక్కర్లేదు. ముందు గదిలో కూర్చున్నారే మీ అన్నగారు, ఆయనకి చెప్పండి సంగతి.”

ముందు గదిలో బావగారు ఒక పంట్లాం కాలుని పైకి మడిచి, పిన్నీసు పెట్టుకుని పేపరు చదువుతున్నారు. ఆ రెండో కాలుని మింగింది ఈ జబ్బే.

“ఒరే తమ్ముడూ, అమ్మాయి మాట విను,” అన్నారు పేపరు దించకుండానే. “అప్పట్లో నాకూ ఇలాంటి కాపలా ఉండుంటే, ఈపాటికి రెండు చెప్పులూ అరిగుండేవి.”

డ్రైవరు బస్సు తాళాలు తీసుకుని బయల్దేరాడు.

ఆమె పొద్దున జేబు ఖాళీ చేసేది. సాయంత్రానికి మళ్ళీ నిండేది. విచిత్రమేమిటంటే, తెచ్చుకున్నవాటిని అతను సరిగ్గా తినేవాడు కూడా కాదు. ఒక్కోరోజు ఒక ఖాళీ కాగితం కనిపించేది. చాలా రోజులు అదీ ఉండేది కాదు. దాచుకోవడంలోనే రుచి కాబోలు, అనుకుందామె.

పోట్లాడి లాభం లేదని తేలాక బుర్రకి పదును పెట్టింది. చక్కెర లేని చాక్లెట్ల పొట్లం ఒకటి తెప్పించింది. వంటగదిలో తలుపు దగ్గరగా వేసి, ఆయనగారి చాక్లెట్ల కాగితాలు చిరక్కుండా విప్పి, లోపలి సరుకు మార్చి, మళ్ళీ రెండు వైపులా మెలి తిప్పింది. ఆ మెలి చూస్తే తయారుచేసినవాడు కూడా తన సరుకే అనుకోవాలి. వాటిని జేబులో వేసి, జేబు మీద చిన్నగా తట్టింది.

అతను కనిపెట్టలేదు. కొత్తవి తెచ్చినప్పుడల్లా ఆమె గుట్టుగా సరుకు మార్చేసేది, జేబు గురించి గొడవ మాత్రం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

అలా ఉండగా ఒక ఉదయం అతను టిఫిను డబ్బా మర్చిపోయాడు. ఆమె దాన్ని పట్టుకుని బడికి వెళ్ళింది. పిల్లలు దిగిపోయిన బస్సు గోడవార ఆగి ఉంది. తలుపులోంచి లోపలికి తొంగిచూసింది.

బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా, తన కొంగు ముడి విప్పి, అతని అరచేతిలో పంచదార పోస్తోంది. అతను దాన్ని చంటిపిల్లాడిలా నాకేస్తున్నాడు. చల్లటి పొద్దుటిపూట కూడా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. దొరికిపోయిన దొంగకి చెమటలు పట్టవూ మరి!

ఆమె అతన్ని అక్కడే వదిలేసింది. ఆయాను మాత్రం చెట్టు కిందికి పిలిచింది.

“మా ఆయనకి పంచదార పెట్టమని నీకెవరు చెప్పారు?”

“ఈమధ్య ఆ చాక్లెట్లతో అన్నకి సరిపోవట్లేదమ్మా,” అంది ఆయా నేల చూపులు చూస్తూ. “మిగతాది అన్ననే అడగండి. నేను చెప్పకూడదు.”

“చాక్లెట్లు చాలక పంచదార కూడానా! ఆహా, ఏం సేవ! నువ్వు మనిషికి ముద్దలు పెడుతున్నావో, విషం పెడుతున్నావో తెలుసా? పద, ప్రిన్సిపాలు దగ్గరే తేల్చుకుందాం.”

ఆయా ఠక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. “అంత పని చెయ్యకమ్మా! అన్న డ్రైవరు ఉద్యోగం పోతుంది.”

“అయితే ఇంకెప్పుడూ పెట్టనని మాటివ్వు.”

ఆయా ఒకసారి బస్సు వైపు చూసింది. తర్వాత మాటిచ్చింది. కొంగున మిగిలిన పంచదారని ఆమె కళ్ళెదుటే దులిపేసింది. చీమలు వరస కట్టాయి.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, “అన్ని దారులూ మూసేశాను బావగారూ,” అంది. బావగారు మెచ్చుకోలుగా తలూపారు. డ్రైవరు పళ్ళెంలోకి చూస్తూ, “ఒకసారి నా మాట...” అన్నాడు. “ముందు తినండి, చల్లారిపోతుంది,” అందామె ప్రేమగా.

ఆ వారంలోనే ఒక పొద్దున, పిల్లలతో వెళ్తున్న బస్సు వంతెన మీద ఒక పక్కకి ఒరిగి, రెయిలింగుని రాసుకుంటూ ఆగిపోయింది. పిల్లలెవరికీ దెబ్బ తగల్లేదు. పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఆమెకి వైనవైనాలుగా చెప్పారు: స్టీరింగు మీద వాలిపోతున్న డ్రైవరు ఒళ్ళో రంగు కాగితాలు రాలి ఉన్నాయట, కళ్ళు మూతలు పడుతున్నాయట, ఆయా అతని దవడ పట్టుకుని పంచదార నోట్లో కుక్కుతోందట.

“అయ్యో, దాచిపెట్టుకుందా! మాటిచ్చి తప్పిందా!” అంటూ ఆమె ఆయాను కడిగెయ్యడానికి ఆస్పత్రికి పరుగెత్తింది.

ఆ ఆయాను గుర్తుపెట్టుకోండి: సూదిమందుకి ఒంట్లో చక్కెర ఉన్నట్టుండి పడిపోయినప్పుడు ప్రాణం నిలబెట్టేది అసలు పంచదారేననీ, అందుకే ఆ చాక్లెట్లు ఎప్పుడూ జేబులో ఉండాలనీ డాక్టరు చెప్పిన మాట, బండి దింపేస్తారన్న భయంతో డ్రైవరు ఎక్కడా పొక్కనివ్వని ఆ మాట, అతనికి కాక తెలిసింది ఆ ఆయా ఒక్కదానికే.